ఇంట్లో హింస: ఎలా గుర్తుపట్టాలి, పోలీస్ స్టేషన్‌కి వెళ్తే ఏం అడగాలి, ఏ కాగితం తెచ్చుకోవాలి

"అక్కా, స్టేషన్‌కి వెళ్తే మా ఆయన్ని లోపలేస్తారా? లోపలెయ్యొద్దు గానీ కాస్త భయపెడితే చాలు." వారానికి ఒక్కరైనా నన్ను ఈ మాట అడుగుతారు. "దెబ్బలు పైకి కనిపించట్లేదు, కేసు తీసుకుంటారా?" అనేది రెండో ప్రశ్న. మూడోది పుట్టింటివాళ్లది: "కట్నం ఇచ్చాం కదా, మా మీద కూడా కేసవుతుందా?" మా మండలంలో న్యాయసేవాధికార కమిటీ తరఫున పారా లీగల్ వాలంటీర్‌గా తిరుగుతుంటాను, అందుకని ఇవే ప్రశ్నలకి ఇవే జవాబులు ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. ఈసారి రాసి పెడుతున్నాను. ఎవరికైనా అవసరమైతే పంపండి, కానీ ఆమె ఫోన్ ఇంకెవరూ చూడరని ఖాయం చేసుకున్నాకే పంపండి.

చట్టం సంగతి తక్కువే చెప్తాను. స్టేషన్ గుమ్మం దగ్గర ఏం జరుగుతుంది, అక్కడ ఎక్కడ పొరపాటు పడతాం అనేదే ఎక్కువ.

ఇప్పుడే, ఈ నిమిషంలో దెబ్బలు పడుతుంటే

మిగతాది తర్వాత చదవండి. 112కి ఫోన్ చేయండి. పాత 100 కూడా పనిచేస్తుంది. ఫోన్ ఎత్తగానే కథ మొదలుపెట్టకండి, ముందు చిరునామా చెప్పండి, పక్కన గుడో, బడో, కిరాణా కొట్టో ఏదో ఒక గుర్తు చెప్పండి, ఎందుకంటే మధ్యలో ఫోన్ లాక్కుంటే వాళ్లకి మిగిలేది మీరు మొదట చెప్పిన ఆ ఒక్క ముక్కే. తర్వాత "కొడుతున్నాడు, చేతిలో ఫలానాది ఉంది, పిల్లలు ఉన్నారు" అని చెప్పండి. వంటింట్లోకీ బాత్రూంలోకీ పరిగెత్తొద్దు, ఒకచోట కత్తులు, గ్యాసు, ఇంకోచోట బయటికి దారి ఉండదు. వీధి తలుపు వైపు వెళ్లండి. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో పవర్ బటన్ వరుసగా ఐదుసార్లు నొక్కితే ఎమర్జెన్సీ కాల్ వెళ్లే ఏర్పాటు ఉంటుంది, మీ ఫోన్లో అది ఆన్ చేసి ఉందో లేదో ఈరోజే సెట్టింగుల్లో చూసుకోండి.

1. ముందు గుర్తుపట్టండి

2005 గృహహింస చట్టం (అమల్లోకి వచ్చింది 2006 అక్టోబరు 26న) హింసని నాలుగు రకాలుగా చెప్తుంది: ఒంటి మీద చేసేది, లైంగికంగా చేసేది, మాటలతో మనసు మీద చేసేది, డబ్బుతో చేసేది. మొదటిది అందరికీ తెలుసు. మిగతా మూడే మనవాళ్లు లెక్కలోకి తీసుకోరు.

డబ్బు సంగతి చూడండి. మీ జీతం పడే ఖాతా ఏటీఎం కార్డు ఆయన జేబులో ఉంటుంది. మీ పుట్టింటివాళ్లు పెట్టిన నగలు మీకు చెప్పకుండా గోల్డ్ లోన్‌లో పెట్టేస్తారు. ఇంట్లో పాలప్యాకెట్‌కి కూడా లెక్క చెప్పాలి, పిల్లల ఫీజు మీ ప్రవర్తనని బట్టి కడతారు. ఇదంతా చట్టం దృష్టిలో ఆర్థిక హింస. అలాగే ఆడపిల్లనే కన్నావనీ, అసలు కనలేదనీ రోజూ ఎత్తిపొడవడం కూడా చట్టంలో రాసి ఉన్న హింసే, నేను కల్పించి చెప్తున్నది కాదు. ఇష్టం లేకున్నా పడక మీద బలవంతం చేయడం భర్త విషయంలో (భార్యకి 18 దాటితే) మన శిక్షాస్మృతిలో ఇంకా అత్యాచారం నేరం కాదు, కానీ గృహహింస చట్టం కింద అది లైంగిక హింసే, దాని మీద రక్షణ అడగొచ్చు. ఈ తేడా తెలియక చాలామంది ఆ విషయం ఎక్కడా చెప్పరు.

మరి మామూలు మొగుడూపెళ్లాల గొడవకీ దీనికీ తేడా ఏంటి అంటారా? నేను వాడే కొలత ఒక్కటే. గొడవలో ఇద్దరూ అరుస్తారు, ఇద్దరూ అలుగుతారు. హింసలో ఒకరికి మాత్రమే భయం ఉంటుంది. ఈ ప్రశ్నలు మీకు మీరే వేసుకోండి:

- ఆయన బండి చప్పుడు వినగానే కడుపులో ఏదో అవుతోందా?
- అమ్మతో ఫోన్ మాట్లాడాలంటే ఆయన లేని టైం చూసుకుంటున్నారా?
- ఆయనకి కోపం వస్తుందేమోనని పిల్లల్ని ముందే నోరు మూయిస్తున్నారా?
- కొట్టాక ఏడ్చి, కాళ్లు పట్టుకుని, చీర కొనిచ్చి, మళ్లీ రెండు వారాలకి మొదలుపెట్టడం ఎన్నిసార్లు అయింది?

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో, ఆంధ్రాలో నూటికి దాదాపు 84 మంది ఆడవాళ్లు ఏదో ఒక కారణానికి భర్త కొట్టడం సబబే అన్నారు. కాబట్టి మీకు "ఇది తప్పు కాదేమో" అనిపిస్తే అది మీ తెలివితక్కువతనం కాదు, మనం పెరిగింది ఆ మాటల మధ్యే. మొగుడు కొట్టినందుకు కాదు తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందని సామెత చెప్పుకుని నవ్వుకుంటాం కదా, అందులో కొట్టడం అనేది అసలు విషయమే కాకుండా పోయింది చూశారా.

ఇవి ఉంటే ఆలోచించడానికి ఆగకండి. గొంతు పిసకడం, కత్తో పెట్రోలో కిరోసినో చేతిలో పట్టుకుని బెదిరించడం, గర్భంతో ఉన్నప్పుడు కొట్టడం, "నిన్ను చంపి నేనూ చస్తా" అనడం, విడిగా ఉన్నా వెంటపడటం. వీటిలో గొంతు పిసకడాన్ని మనవాళ్లు చాలా తేలిగ్గా "పీక పట్టుకున్నాడు" అనేస్తారు. పైకి గుర్తు ఏమీ కనిపించకపోవచ్చు, కానీ గొంతు బొంగురుపోయినా, మింగుతుంటే నొప్పి వచ్చినా, కళ్లలో ఎర్రటి చుక్కలు కనిపించినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. ఒకసారి గొంతు పట్టుకున్న చెయ్యి తర్వాత ప్రాణం తీసే అవకాశం చాలా ఎక్కువ.

కావలసినవి

- ఆధార్, మీ పేరుతో ఉన్న బ్యాంకు పాస్‌బుక్, పిల్లల పుట్టిన సర్టిఫికెట్లు
- పెళ్లి జరిగిందని చూపించేది ఏదైనా: శుభలేఖ, ఫోటోలు, రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ ఉంటే అది
- నగల జాబితా, బిల్లులు ఉంటే బిల్లులు, లేకపోతే ఆ నగలు వేసుకున్న పెళ్లి ఫోటోలు
- ఆసుపత్రి చీటీలు, ఎక్స్‌రేలు
- మెసేజ్‌లు, వాయిస్ రికార్డింగులు, దెబ్బల ఫోటోలు
- ఒక చిన్న నోట్‌బుక్: ఏ తారీఖు, ఎన్ని గంటలకి, ఏం చేశాడు, ఎవరు చూశారు
- ఒక జత బట్టలు, రోజూ వేసుకునే మందులు, కొంచెం నగదు

ఇవేవీ లేకపోయినా వెళ్లొచ్చు. కట్టుబట్టలతో వచ్చినా ఫిర్యాదు తీసుకోవాల్సిందే. ఉంటే పని సులువవుతుంది, అంతే.

ఎక్కడ దాచాలి అనేది ముఖ్యం. ఇంట్లో బియ్యం డబ్బాలో వద్దు. నమ్మకమైన స్నేహితురాలి ఇంట్లోనో, మీరు పనిచేసే చోటో జిరాక్సులు పెట్టండి. ఫోటోలు ఆమెకి పంపేసి మీ ఫోన్లో చాట్ తీసేయండి. ఇంకో మాట, మీ వాట్సాప్‌లో "లింక్డ్ డివైజెస్" తెరిచి చూడండి, మీకు తెలియని కంప్యూటరో ఫోనో అక్కడ కనిపిస్తే మీ మాటలన్నీ వేరేచోట చదువుతున్నారని అర్థం. గూగుల్ ఖాతా ఆయన చేసిపెట్టిందే అయితే లొకేషన్ కూడా ఆయనకి కనిపిస్తుండొచ్చు. అలాగని ఒక్కసారిగా అన్నీ మార్చేస్తే అనుమానం వస్తుంది, అందుకని బయటపడే రోజు దాకా పాత ఫోన్ అలాగే వాడుతూ, ఈ పనులకి మాత్రం వేరేవాళ్ల ఫోన్ వాడటం మేలు.

రికార్డింగ్ చెల్లదని ఎవరైనా భయపెడితే: భార్యాభర్తల మధ్య రహస్యంగా రికార్డు చేసిన మాటల్ని వైవాహిక కేసుల్లో సాక్ష్యంగా చూడొచ్చని 2025 జులైలో సుప్రీంకోర్టు చెప్పింది. రికార్డు చేసిన అసలు ఫోన్ పారేయకండి, అమ్మకండి, ఫార్మాట్ చేయకండి.

2. దెబ్బ తగిలితే ముందు ప్రభుత్వాసుపత్రి

క్యాజువాలిటీలో "ఎంఎల్‌సీ చేయండి" అని అడగండి. అంటే మెడికో లీగల్ కేసు. డాక్టర్ దెబ్బలన్నీ కొలిచి రాస్తారు, ఆసుపత్రి నుంచి పోలీసులకి సమాచారం కూడా వెళ్తుంది. ప్రైవేటు ఆసుపత్రికి వెళ్లినా రాయమని అడగొచ్చు, కానీ చాలాచోట్ల తప్పించుకోవాలని చూస్తారు.

ఇక్కడ జరిగే పొరపాటు ఒకటి ఉంది, నేను చూసినవాటిలో సగం కేసులు దాంతోనే పలచబడ్డాయి. అత్తగారు పక్కన నిలబడి ఉంటారు, డాక్టర్ "ఎలా తగిలిందమ్మా" అంటారు, ఈమె "బాత్రూంలో జారిపడ్డా" అంటుంది. అదే చీటీ మీద ఎక్కుతుంది. ఏడాది తర్వాత కోర్టులో అవతలి లాయరు ఆ చీటీనే తీసి చూపిస్తాడు. అందుకని నర్సుతో "ఒంటరిగా మాట్లాడాలి" అనండి, కొట్టిందెవరో, దేనితో కొట్టారో చెప్పి రాయించండి. ఇప్పటికే అలా చెప్పేసి ఉంటే, ఫిర్యాదులో ఆ విషయం దాచకుండా "అత్త పక్కనుండగా భయపడి అలా చెప్పాను" అని రాయండి, దాస్తేనే ఇబ్బంది.

ఫోటోలు తీసేటప్పుడు ఒకటి ముఖమూ దెబ్బా కలిపి, ఒకటి దగ్గరగా తీయండి. కమిలిన చోటు రెండో రోజు, మూడో రోజు ఇంకా నల్లగా తేలుతుంది, అప్పుడు మళ్లీ తీయండి.

3. ఎక్కడికి వెళ్లాలి

దారి ఒకటే అనుకోకండి.

దగ్గర్లోని ఏ పోలీస్ స్టేషనైనా సరే. "ఇది మా పరిధి కాదు" అని పంపేయకూడదు, 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న కొత్త చట్టం (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, పొట్టిగా బీఎన్‌ఎస్‌ఎస్, సెక్షన్ 173) ప్రకారం ఎక్కడ జరిగినా ఇక్కడే జీరో ఎఫ్‌ఐఆర్ రాసి సంబంధిత స్టేషన్‌కి పంపాలి. అత్తారిల్లు కర్నూలు, మీరు వచ్చేసింది వరంగల్‌లోని పుట్టింటికి అనుకోండి, వరంగల్‌లోనే కేసు పెట్టొచ్చని 2019లో సుప్రీంకోర్టు తేల్చింది.

మహిళా పోలీస్ స్టేషన్ ఉన్న ఊళ్లో అయితే అక్కడికి. అక్కడ కౌన్సెలింగ్ ఎక్కువ, అది మంచీ కావొచ్చు చెడ్డా కావొచ్చు, కింద చెప్తాను.

స్టేషన్ అంటేనే టెన్షన్ అయితే మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయండి, లేదా జిల్లా కేంద్రంలోని సఖి వన్ స్టాప్ సెంటర్‌కి వెళ్లండి. అక్కడ కొద్దిరోజులు ఉండనిస్తారు, వైద్యం, లాయరు, పోలీసు సాయం అన్నీ అక్కడి నుంచే చూస్తారు. తెలంగాణలో భరోసా కేంద్రాలు కూడా ఉన్నాయి. ఆంధ్రాలో మీ సచివాలయంలో మహిళా పోలీసు ఉంటే ఆమెకి ముందు చెప్పొచ్చు, కానీ ఆమె మీ వీధిలోనే ఉండి, మీ అత్తగారితో పరిచయం ఉంటే మాత్రం నేనైతే నేరుగా స్టేషన్‌కే వెళ్తాను.

మీరు కదల్లేని స్థితిలో ఉంటే? మీ అమ్మానాన్నలు, అన్నదమ్ములు కూడా ఫిర్యాదు ఇవ్వొచ్చు.

4. ఫిర్యాదు రాయడం

తెలుగులో, మీ మాటల్లో, ఒకటిన్నర రెండు పేజీల్లో. రాయడం రాకపోతే నోటితో చెప్పండి, వాళ్లు రాసుకుని మీకు చదివి వినిపించాలి. నేను చెప్పే పద్ధతి: మొదటిసారి ఎప్పుడు, అన్నిటికన్నా ఘోరంగా ఎప్పుడు, చివరిసారి ఎప్పుడు. ఈ మూడూ తారీఖులతో వివరంగా రాసి, మధ్యలోవి నాలుగు ముక్కల్లో చెప్పేయండి.

ఇలా రాయొద్దు: "నా భర్త, అత్త, మామ, ఆడపడుచు, ఆమె భర్త అందరూ కలిసి అదనపు కట్నం కోసం శారీరకంగా మానసికంగా వేధిస్తున్నారు."

ఇలా రాయండి: "దీపావళి మర్నాడు రాత్రి సుమారు తొమ్మిదింటికి బండి కోసం మా నాన్నని రెండు లక్షలు అడగమని నా భర్త బెల్టుతో వీపు మీద కొట్టాడు. మా అత్త తలుపు గడియ పెట్టింది. ఎదురింటివాళ్లు అరుపులు విని వచ్చారు."

మొదటి వాక్యం ప్రతి కేసులోనూ ఒకటే, స్టేషన్ బయట టైపు చేసేవాళ్ల దగ్గర రెడీగా ఉంటుంది. అది ఎవరినీ నమ్మించదు. ఇక కోపంలో అమెరికాలో ఉన్న మరిదినీ, పెళ్లై పన్నెండేళ్లుగా వేరే ఊళ్లో ఉంటున్న ఆడపడుచునీ కూడా కలిపేయడం మనవాళ్లకి బాగా అలవాటు. వాళ్లు నిజంగా చేసింది ఉంటే చేసింది రాయండి, లేకపోతే వదిలేయండి. 2024 డిసెంబరులో తెలంగాణ నుంచి వెళ్లిన ఒక కేసులో, ఎవరేం చేశారో లేకుండా కుటుంబం మొత్తాన్ని ఇరికించారని సుప్రీంకోర్టు కేసు మొత్తం కొట్టేసింది. అందరినీ కలిపితే అసలువాడు కూడా జారిపోతాడు.

కట్నం ఇచ్చామని రాస్తే మా మీదికొస్తుందని దాచేవాళ్లకి: కట్నం ఇవ్వడం నేరమే, నిజం, కానీ బాధితురాలు ఇచ్చిన వాంగ్మూలం ఆధారంగా ఆమె మీద కేసు పెట్టకూడదని 1961 వరకట్న నిషేధ చట్టంలోనే (సెక్షన్ 7) ఉంది.

చివర్లో మీకేం కావాలో ఒక వాక్యం రాయండి. ఇది చాలామంది మర్చిపోతారు. "కేసు నమోదు చేయండి" అనా, "గృహహింస చట్టం కింద రక్షణ కావాలి" అనా, "నా సర్టిఫికెట్లు, పిల్లాడి మందులు తెచ్చుకోవడానికి పోలీసు తోడు కావాలి" అనా? అన్నీ కావాలంటే అన్నీ రాయండి. "తగు చర్య తీసుకోగలరు" అని వదిలేస్తే వాళ్లకి తోచిన తగు చర్య తీసుకుంటారు.

రెండు కాపీలు తీసుకెళ్లండి.

5. స్టేషన్‌లో

ఒంటరిగా వెళ్లకండి, అలాగని పదిహేనుమందితోనూ వెళ్లకండి. మాట్లాడగల ఒక మనిషి చాలు. పొద్దున పది తర్వాత వెళ్తే ఎస్సై దొరికే వీలెక్కువ.

పోలీసులు చేయగలిగింది రెండు రకాలు, ఈ రెండూ వేరని తెలియకే సగం గందరగోళం.

ఒకటి నేరం కేసు. భర్త, అతని బంధువులు క్రూరంగా చూస్తే కొత్త శిక్షాస్మృతి అయిన బీఎన్‌ఎస్ సెక్షన్ 85 (అందరూ ఇంకా 498ఏ అనే అంటారు, స్టేషన్‌లో కూడా). మూడేళ్ల దాకా జైలు, జరిమానా. రెండోది గృహహింస చట్టం, ఇది ముందుగా శిక్ష కోసం కాదు, రక్షణ కోసం. కొట్టొద్దనీ, ఇంట్లోంచి గెంటొద్దనీ, ఖర్చులివ్వమనీ మేజిస్ట్రేట్ ఆర్డరిస్తారు. మీరు ఫిర్యాదు చేయగానే ఈ చట్టం కింద మీకు రక్షణాధికారి ఉన్నారనీ, ఉచిత లాయరు దొరుకుతారనీ, కేసు కూడా పెట్టొచ్చనీ చెప్పడం పోలీసు అధికారి విధి, అది సెక్షన్ 5. చెప్పకపోతే మీరే అడగండి. ఒకటి ఎంచుకుంటే రెండోది పోదు, రెండూ నడపొచ్చు.

"కాస్త భయపెడితే చాలు" అనే ప్రశ్నకి జవాబు ఇక్కడుంది. మీకు కావలసింది కాపురం నిలబడి దెబ్బలు ఆగడమైతే, గృహహింస చట్టం ఆర్డరు అందుకు పనికొస్తుంది. ఎస్సై పిలిచి రెండు తిట్లు తిట్టి పంపితే ఆ భయం మహా అయితే పది రోజులుంటుంది, తర్వాత "నన్ను స్టేషన్‌కి ఎక్కించావ్" అని దానికీ కలిపి కొడతాడు.

కౌన్సెలింగ్ గురించి. ఇద్దరినీ కూర్చోబెట్టి మాట్లాడతాం అంటారు. మీకు ఇష్టమైతే వెళ్లండి. కానీ గొంతు పిసికినవాడితో, కత్తి చూపినవాడితో ఒకే బల్లకి అటూ ఇటూ కూర్చోవాల్సిన అవసరం లేదు, "నాకు భయంగా ఉంది, విడిగా మాట్లాడండి" అని చెప్పండి. రాజీ అయితే షరతులన్నీ కాగితం మీద ఉండాలి: ఎప్పటి నుంచి, ఏం చేయడు, చేస్తే ఏంటి. ఖాళీ కాగితం మీద సంతకం వద్దు. "ఇకపై ఎటువంటి ఫిర్యాదు లేదు" అనే వాక్యం ఉంటే కొట్టేయించి, "మళ్లీ జరిగితే ఫిర్యాదు చేసే హక్కు ఉంది" అని రాయించండి. మా దగ్గర ఒకామె మూడుసార్లు రాజీ చేసుకుంది, మూడుసార్లూ నోటిమాటే, నాలుగోసారి వచ్చినప్పుడు స్టేషన్‌లో ఆమె అంతకుముందు వచ్చినట్టు ఒక్క అక్షరం లేదు.

అందుకే గట్టిగా చెప్తున్నాను, చేతిలో కాగితం లేకుండా స్టేషన్ గేటు దాటి బయటికి రాకండి. ఎఫ్‌ఐఆర్ అయితే దాని కాపీ, అది ఉచితంగా ఇవ్వాలి. వెంటనే కట్టకుండా విచారిస్తామంటే (కొన్ని నేరాల్లో డీఎస్పీ అనుమతితో 14 రోజుల్లో ప్రాథమిక విచారణ చేసే వీలు చట్టంలో ఉంది) మీ రెండో కాపీ మీద స్టాంపు, తారీఖు, నంబరు.

అరెస్టు గురించి ఆశపడకండి, భయపడకండి కూడా. ఏడేళ్లలోపు శిక్ష ఉన్న నేరాల్లో వెంటనే అరెస్టు చేయకూడదని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది, చాలావరకు నోటీసిచ్చి పంపుతారు. 41ఏ నోటీసు అంటారు, ఇప్పుడది బీఎన్‌ఎస్‌ఎస్ 35(3). అంటే ఆ సాయంత్రానికి ఆయన ఇంట్లోనే ఉండొచ్చు. ఫిర్యాదు ఇచ్చిన రాత్రి ఎక్కడ పడుకుంటారో ముందే అనుకుని వెళ్లండి. విడిపోయే రోజులే అన్నిటికన్నా ప్రమాదం. పుట్టిల్లు కుదరకపోతే సఖి సెంటర్‌లో చేర్పించమని స్టేషన్‌లోనే అడగండి.

6. తీసుకోకపోతే

గొడవపడకండి, ఆ ఎనర్జీ దాచుకోండి. ఫిర్యాదుని స్పీడ్ పోస్టులో ఎస్పీకి (నగరాల్లో కమిషనరేట్‌కి) పంపండి, రసీదు దాచండి. దానికీ కదలిక లేకపోతే మేజిస్ట్రేట్ దగ్గరికి. 15100కి ఫోన్ చేస్తే న్యాయసేవాధికార సంస్థ నుంచి లాయరు వస్తారు. ఆడవాళ్లకి ఆదాయంతో పనిలేకుండా ఉచితం, తెల్లకార్డు అక్కర్లేదు, నెలకి లక్ష సంపాదించేవాళ్లకైనా ఇస్తారు. ఇది చెప్తే ఇప్పటికీ సగంమంది నమ్మరు.

7. రక్షణ ఆర్డరు తెచ్చుకోవడం

మహిళా శిశు సంక్షేమ శాఖ జిల్లా ఆఫీసులో రక్షణాధికారి ఉంటారు. ఆయనో ఆవిడో మీ దగ్గర వివరాలు తీసుకుని గృహ సంఘటన నివేదిక (అందరూ డీఐఆర్ అంటారు) తయారుచేసి మేజిస్ట్రేట్‌కి పంపిస్తారు. మీరున్న ఊరి కోర్టులోనే వేయొచ్చు, తాత్కాలికంగా ఉంటున్న ఊరైనా సరే, ఉద్యోగం చేసే ఊరైనా సరే. మొదటి వాయిదా మామూలుగా 3 రోజుల్లోపు, మొత్తం 60 రోజుల్లో తేల్చాలని చట్టంలో ఉంది. కోర్టులో అంత వేగం ఆశించకండి. అందుకే మొదటి రోజే మధ్యంతర ఉత్తర్వు అడగాలి, ప్రమాదం ఉందని అఫిడవిట్ వేస్తే అవతలివాళ్లు రాకుండానే ఇవ్వొచ్చు (సెక్షన్ 23).

ఏమేం అడగొచ్చు: కొట్టొద్దని, దగ్గరికి రావొద్దని, ఉంటున్న ఇంట్లోంచి గెంటొద్దని, ఇల్లు అత్తమామల పేరు మీదున్నా సరే, 2020లో సుప్రీంకోర్టు ఆ సంగతి చెప్పింది, నెలనెలా ఖర్చులు, పిల్లలు తాత్కాలికంగా మీ దగ్గర ఉండటం, మీ నగలు, సామాను తిరిగివ్వడం, పరిహారం.

ఆర్డరు వచ్చాక జిరాక్సులు తీసి ఒకటి పర్సులో, ఒకటి పుట్టింట్లో పెట్టండి, ఫోటో ఫోన్లో పెట్టండి. కోర్టు నుంచి స్టేషన్‌కి కాపీ వెళ్లాలి, వెళ్లిందో లేదో మీరే స్టేషన్‌కెళ్లి రైటర్‌ని అడగండి. ఆయన రక్షణ ఆర్డరుని దాటితే అది వేరే నేరం, ఏడాది దాకా జైలు లేదా 20,000 దాకా జరిమానా లేదా రెండూ, పోలీసులు వారెంటు లేకుండా పట్టుకోవచ్చు. అప్పుడు 112కి ఫోన్ చేసి "నా దగ్గర కోర్టు రక్షణ ఆర్డరు ఉంది" అనే మాట ముందు చెప్పండి. వచ్చే కానిస్టేబులు ఇది మొగుడూపెళ్లాల గొడవలే అనుకోకుండా ఉండటానికి ఆ ఒక్క మాట చాలా పనిచేస్తుంది.

8. సరిగ్గా అయిందో లేదో చూసుకోవడం

ఎఫ్‌ఐఆర్ కాపీని అక్కడే నిలబడి చదవండి. తారీఖులు మీరు చెప్పినవేనా? కొట్టిన వస్తువు ఉందా? డబ్బు అడిగారని రాశారా? వరకట్న నిషేధ చట్టం సెక్షన్ 3, 4 కలిపారా? గొంతు పిసికితే ఆ మాట ఉందా, లేక "చేతులతో కొట్టినాడు" అని తేల్చేశారా? తేడా ఉంటే ఆ రోజే రాతపూర్వకంగా ఇవ్వండి. విచారణ ఎంతవరకు వచ్చిందో 90 రోజుల్లోపు మీకు చెప్పాల్సిన బాధ్యత పోలీసులది, ఆ తారీఖు క్యాలెండర్లో గీసి పెట్టుకోండి. కోర్టు కేసుకి సీఎన్‌ఆర్ నంబరు అని ఒకటుంటుంది, ఈ-కోర్ట్స్ యాప్‌లో అది కొడితే వాయిదాలు మీరే చూసుకోవచ్చు, లాయరు గుమాస్తాకి ఫోన్లు చేయక్కర్లేదు.

ఇంకొన్ని అడిగేవి

పెళ్లి కాకుండా కలిసి ఉంటున్నాం? భార్యాభర్తల్లా ఒకే ఇంట్లో ఉంటే గృహహింస చట్టం వర్తిస్తుంది. కొడుకు కొడుతున్న తల్లికి, అన్న కొడుతున్న చెల్లికి కూడా వర్తిస్తుంది. అత్తా ఆడపడుచుల మీద కూడా వేయొచ్చు. మగవాళ్లకి ఈ చట్టం లేదు, కానీ భార్యో ఆమె వాళ్లో కొడితే, బెదిరిస్తే మామూలు నేర చట్టం కింద ఫిర్యాదు ఇవ్వొచ్చు, దానికీ ఎంఎల్‌సీ, తారీఖులు, కాపీ మీద స్టాంపు, అన్నీ ఇవే. వయసు మళ్లినవాళ్లకి 14567 అని వేరే నంబరుంది.

అమెరికాలో హెచ్4 (భర్త ఉద్యోగ వీసాని బట్టి భార్యకిచ్చే వీసా) మీద ఉన్నవాళ్లు "వీసా ఆయనది, నోరెత్తితే పంపించేస్తాడు" అనుకుంటారు. 911కి ఫోన్ చేస్తే మామూలుగా వీసా సంగతి అడగరు, "తెలుగు" అంటే చాలాచోట్ల ఫోన్లోనే దుబాసీని కలుపుతారు. హింసకి గురైన హెచ్4 భార్యలు విడిగా పని అనుమతి అడిగే దారి కూడా ఉంది. పాస్‌పోర్ట్, ఐ-94 (అమెరికాలోకి వచ్చిన రికార్డు), వీసా కాగితాల ఫోటోలు ఇండియాలో ఉన్న అక్కకో తమ్ముడికో ఈరోజే పంపండి. ఇండియాలో వదిలేసి వెళ్లిపోయిన కేసులకి తెలంగాణ మహిళా భద్రతా విభాగంలో ఎన్‌ఆర్‌ఐ సెల్ ఉంది.

చివరగా పక్కింటివాళ్లకి. "మనకెందుకు" అనుకోకండి, గృహహింస జరుగుతోందని ఎవరైనా సమాచారం ఇవ్వొచ్చు, మంచి ఉద్దేశంతో ఇస్తే మీ మీద ఏ కేసూ ఉండదు, చట్టంలో సెక్షన్ 4 అదే. 112కి ఫోన్ చేసి మీ పేరు బయటపెట్టొద్దని కోరండి. పోలీసులు వచ్చేలోపు కొట్టేవాడితో వాదనకి మాత్రం దిగకండి, ఆ కోపం తర్వాత ఆమె మీదే తీరుతుంది. ఇంకో ఇద్దరిని వెంటబెట్టుకుని వెళ్లి తలుపు కొట్టండి. తలుపు తీస్తే "మా ఇంట్లో కరెంటు పోయింది, మీకుందా?" అని అడగండి, ఆమె కనిపించేదాకా అక్కడే నిలబడండి.